కదలకుండా ఉంటే తగ్గే కండ రక్త పరీక్షలో కనబడుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలికి పిండికట్టు వేయించుకున్నవాళ్ళు, ఆపరేషన్ తర్వాత వారాల తరబడి మంచం మీదే ఉన్న పెద్దవాళ్ళు, వాళ్ళని చూసుకునే ఇంట్లోవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. మా అమ్మ తుంటి ఎముక విరిగి రెండు నెలలు మంచంలో ఉన్నప్పుడు నేనూ ఇవే అడిగాను. జవాబులు ఒక్కచోట దొరకలేదు, అందుకే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇది డాక్టర్ సలహాకి బదులు కాదు, డాక్టర్‌ని సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తే చాలు.

మంచం మీద ఉంటే నిజంగా అంత త్వరగా కండ తగ్గుతుందా?

తగ్గుతుంది, చాలామంది అనుకునేదానికంటే త్వరగా. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళ కాలికి కట్టు వేసి కదలకుండా ఉంచి కొలిస్తే, 5 రోజులకే తొడ ముందు కండ పరిమాణం సుమారు 3.5 శాతం తగ్గింది, 14 రోజులకి 8 శాతం పైన తగ్గింది. ఏ జబ్బూ లేని 60 దాటినవాళ్ళని 10 రోజులు పూర్తిగా మంచం మీదే ఉంచితే ఒక్క కాళ్ళ నుంచే దాదాపు ఒక కిలో కండ పోయింది. ఇక ఐసీయూలో తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళలో అయితే 10 రోజుల్లో తొడ కండరం ఒకటి సుమారు 18 శాతం సన్నబడినట్టు స్కాన్‌లో చూశారు.

ఇంకో సంగతి, కండ తగ్గినదానికంటే బలం ఎక్కువ తగ్గుతుంది. పైన చెప్పిన కుర్రవాళ్ళలోనే 5 రోజులకి బలం 9 శాతం, 14 రోజులకి దాదాపు 23 శాతం పడిపోయింది. అంటే కాలు చూడటానికి మామూలుగానే ఉన్నా లేచి నిలబడేసరికి వణుకుతుంది. ఈ తేడా ఎందుకో కింద అగ్రిన్ అనే ప్రోటీన్ గురించి చెప్పినచోట మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పూర్తిగా మంచం పట్టకపోయినా, నడక తగ్గించినా అంతేనా?

అంత కాదు గానీ ఉంటుంది. వయసు పైబడినవాళ్ళు రోజువారీ నడకని 1,500 అడుగుల (స్టెప్స్) దగ్గరికి తగ్గించుకుని రెండు వారాలు గడిపితే కాళ్ళ కండ దాదాపు 4 శాతం తగ్గింది, ఇన్సులిన్ పనిచేసే తీరు కూడా మందగించింది. వాళ్ళెవరూ మంచం పట్టలేదు, ఇంట్లోనే కూర్చుని టీవీ చూసుకున్న మనిషి ఎంత నడుస్తాడో అంత నడిచారు.

కండ ఎలా పోతుంది? కరిగి రక్తంలో కలిసిపోతుందా?

ఈ ప్రశ్నకి జవాబు తెలిస్తే మిగతా పేజీ అంతా సులువుగా అర్థమవుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

మన కండలో ప్రోటీన్ రోజూ కొంత విరిగిపోతుంటుంది, దాని బదులు కొత్తది తయారవుతుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కదలడం మానేసినప్పుడు ముఖ్యంగా జరిగేది ఏంటంటే కొత్తది తయారవడం మందగిస్తుంది. తిన్న ప్రోటీన్‌కి కూడా కండ ఇదివరకటిలా స్పందించదు. విరగడం మొదటి కొన్ని రోజులు కొంచెం పెరుగుతుందేమో గానీ, అసలు నష్టం తయారీ తగ్గడం వల్లే. ఐసీయూలో పెద్ద ఇన్ఫెక్షన్‌తో ఉన్న మనిషి సంగతి వేరు, అక్కడ విరగడం కూడా జోరుగా ఉంటుంది.

గోడ కూలితే మట్టికుప్ప కనబడుతుంది. ఏటేటా చేయాల్సిన మరమ్మతు మానేస్తే గోడ మెల్లగా పలచబడుతుంది తప్ప కుప్ప ఏమీ పడదు. కదలకపోవడం వల్ల పోయే కండ రెండో రకం. రక్త పరీక్షలు చాలావరకు మట్టికుప్పని వెతికేవి, అందుకే అవి ఇక్కడ తడబడతాయి.

అయితే ఒకే ఒక్క రక్త పరీక్షతో తేల్చేయడం కుదరదా?

కుదరదు. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ ఉన్నట్టు, గుండెపోటుకి ట్రోపోనిన్ ఉన్నట్టు, కండ తగ్గుదలకి అందరూ ఒప్పుకున్న ఒక్క పరీక్ష లేదు. ఎవరైనా ఒక్క శాంపిల్‌తో చెప్పేస్తామని ప్యాకేజీ అమ్మితే డబ్బు కట్టేముందు ఆలోచించండి. కొన్ని పరీక్షల్ని కలిపి చూస్తే, అదీ మనిషిని ఎదురుగా పెట్టుకుని చూస్తే, ఉపయోగపడే సూచనలు దొరుకుతాయి. ఒక్కోదాని సంగతి కింద రాస్తున్నాను.

మా రిపోర్టులో క్రియాటినిన్ బాగా తక్కువ వచ్చింది. కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నట్టే కదా?

మేమూ అలాగే సంతోషపడ్డాం. మంచం పట్టకముందు అమ్మ క్రియాటినిన్ 0.9 ఉండేది, ఆరు వారాల తర్వాత 0.5 అని వచ్చింది, పక్కన ఎర్ర గీత లేదు, కిడ్నీలు మెరుగయ్యాయనుకున్నాం. ఆ పక్కనే అమ్మ తొడలు దుప్పటి కింద సగం అయిపోయాయి. ఆ రెండిటికీ సంబంధం ఉందని మాకు అప్పుడు తట్టలేదు.

క్రియాటినిన్ పుట్టేది కండలో. కండలో క్రియాటిన్ అనే పదార్థం ఉంటుంది, అందులో రోజుకి రెండు శాతం లోపు దానంతట అదే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది, కిడ్నీలు దాన్ని బయటికి పంపుతాయి. అంటే రక్తంలో కనిపించే అంకె రెండు విషయాల మీద ఆధారపడుతుంది: కండ ఎంత తయారుచేస్తోంది, కిడ్నీ ఎంత పంపిస్తోంది. కండ తగ్గితే తయారయ్యేదే తక్కువ, కిడ్నీ మామూలుగా ఉన్నా, కొంచెం దెబ్బతిన్నా కూడా అంకె తక్కువే వస్తుంది.

దీనివల్ల వచ్చే ప్రమాదం గురించి ఎవరూ గట్టిగా చెప్పరు. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని ఉంటుంది చూడండి, కిడ్నీ ఎంత బాగా వడకడుతోందో చెప్పే అంకె, అది క్రియాటినిన్ నుంచి లెక్కకట్టిందే. కండ పోయిన మనిషిలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. జెంటామైసిన్, డిగాక్సిన్ లాంటి మందులకి డోసు కిడ్నీ పనితనాన్ని బట్టి వేస్తారు, కాబట్టి అంకె మోసం చేస్తే డోసు ఎక్కువైపోవచ్చు. నెలల తరబడి మంచంలో ఉన్నవాళ్ళకి కొత్త మందు రాస్తుంటే "కండ బాగా తగ్గింది డాక్టర్ గారూ, ఈ క్రియాటినిన్‌ని నమ్మొచ్చా" అని ఒక్క మాట అడగండి, తప్పేం లేదు.

కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి. ఇదివరకు 0.9 ఉండి ఇప్పుడు 0.5 అయితే, మధ్యలో కిడ్నీకి ఏ వైద్యమూ జరగకపోతే, కండ తగ్గిందేమో అని అనుమానించడానికి అది మంచి కారణం. ఒక్క రిపోర్టులోని ఒక్క అంకె చెప్పలేనిది, అదే మనిషి పాత అంకె పక్కన పెడితే చెబుతుంది.

సిస్టాటిన్ సి కూడా చేయించమన్నారు, అదెందుకు?

సిస్టాటిన్ సి ఒక్క కండలోనే కాదు, శరీరంలో కేంద్రకం ఉన్న కణాలన్నిటిలోనూ తయారవుతుంది. దాన్ని కూడా కిడ్నీయే వడకడుతుంది. కాబట్టి కిడ్నీ గురించి అది కండతో పెద్దగా సంబంధం లేకుండా చెబుతుంది. క్రియాటినిన్‌ని సిస్టాటిన్ సి తో భాగిస్తే వచ్చే నిష్పత్తిలో కిడ్నీ ప్రభావం చాలావరకు కొట్టుకుపోయి కండ సంగతి మిగులుతుంది. దీన్నే పరిశోధకులు సార్కోపీనియా (కండ, బలం తగ్గిపోవడం) సూచిక అంటున్నారు. నిష్పత్తి ఎంత తక్కువైతే కండ అంత తక్కువ ఉండే అవకాశం ఉంది.

నా దృష్టిలో ఇప్పుడు మామూలు ల్యాబుల్లో అందుబాటులో ఉన్నవాటిలో అర్థవంతమైనది ఇదే. కానీ ఇబ్బందులున్నాయి. థైరాయిడ్ తేడాలు, లావు, పొగ తాగడం, శరీరంలో వాపు (ఇన్‌ఫ్లమేషన్), స్టెరాయిడ్ మందులు, ఇవన్నీ సిస్టాటిన్ సి ని మారుస్తాయి. ముఖ్యంగా స్టెరాయిడ్లు, అవి సిస్టాటిన్ సి ని పెంచుతాయి, ఎక్కువకాలం వాడితే కండనీ తగ్గిస్తాయి. అలాంటి మనిషిలో నిష్పత్తి పడిపోతే అందులో కండ వంతు ఎంతో, మందు వంతు ఎంతో విడదీయడం కష్టం.

సీకే పెరిగితే కండ కరిగిపోతున్నట్టేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సీకే, అంటే క్రియాటిన్ కైనేజ్, కండ కణం పొర చిట్లినప్పుడు బయటికి కారుతుంది. అది దెబ్బకి గుర్తు, తగ్గుదలకి గుర్తు కాదు. కదలకుండా పడుకున్న మనిషిలో సీకే పెరగదు, మామూలుగానో ఇంకా తక్కువగానో ఉంటుంది. సీకే బాగుంది కాబట్టి కండ బాగుందని ధైర్యపడటానికి లేదు.

తిరగేసి చూస్తే, చాలారోజుల తర్వాత ఫిజియోథెరపీ మొదలుపెట్టినప్పుడు సీకే ఒకటి రెండు రోజుల నుంచి నాలుగు రోజుల్లోపు పైకి పోవచ్చు. కండకి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల కూడా పెరుగుతుంది. ఆ రిపోర్టు చూసి టెన్షన్ పడి వ్యాయామం ఆపేయకండి, ముందు డాక్టర్‌కి చూపించండి. నిజంగా భయపడాల్సింది వేరే ఉంది: కింద పడి గంటల తరబడి లేవలేక నేలమీదే ఉండిపోయినవాళ్ళలో, మూత్రం ముదురు గోధుమరంగులో వస్తే, అది ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి.

ఆల్బుమిన్ తక్కువ ఉంది, ప్రోటీన్ పౌడర్ పట్టిస్తే కండ వస్తుందా?

ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీన్ తయారయ్యేది లివర్‌లో, కండలో కాదు. ఒంట్లో ఇన్ఫెక్షన్ లేదా వాపు ఉంటే అది పడిపోతుంది, తిండి సరిపోయినా సరే. తక్కువ ఆల్బుమిన్ అంటే మనిషి జబ్బు తీవ్రంగా ఉందని చెప్పే గుర్తు, కండని కొలిచే టేపు కాదు. ప్రోటీన్ తినడం మంచిదే, అది వేరే కారణానికి, కింద చెప్తాను.

సీఆర్‌పీ, ఐఎల్-6 కూడా చూడాలా?

ఇవి వాపుకి గుర్తులు. దీర్ఘకాలం వాపు ఉంటే కండ తయారీ ఇంకా మందగిస్తుంది, కాబట్టి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న మంచంపట్టిన మనిషికి ప్రమాదం ఎక్కువ అనుకోవచ్చు. నడక తగ్గించిన పెద్దవాళ్ళలో కూడా ఇవి కాస్త పెరిగినట్టు చూశారు. కానీ చిగుళ్ళ వాపు, పుండు, జలుబు, దేనికైనా పెరుగుతాయి. పైగా ఐఎల్-6 ని వ్యాయామం చేసేటప్పుడు కండే స్వయంగా విడుదల చేస్తుంది, అక్కడ దాని పని మంచిదే. ఒకే పదార్థం రెండు సందర్భాల్లో రెండు అర్థాలు ఇస్తుంది.

మయోస్టాటిన్ కండని పెరగనివ్వదంటారు కదా, అది ఎక్కువ ఉంటే కండ తగ్గుతున్నట్టా?

వినడానికి సబబుగానే ఉంది. 1997లో ఎలుకల్లో ఈ జన్యువుని తీసేస్తే కండ రెండు మూడు రెట్లు పెరిగింది, బెల్జియన్ బ్లూ అనే ఆవుల జాతి కండలు తిరిగి ఉండటానికి కారణం కూడా ఈ జన్యువులో లోపమే. అందుకే కండ పోతున్నవాళ్ళ రక్తంలో ఇది ఎక్కువ ఉంటుందని అందరూ ఆశించారు.

తీరా చూస్తే కండ తక్కువున్నవాళ్ళ రక్తంలో చాలాసార్లు మయోస్టాటిన్ కూడా తక్కువే ఉంది. ఎందుకంటే దాన్ని ప్రధానంగా తయారుచేసేది కండే. కండ తగ్గితే తయారుచేసేవాళ్ళూ తగ్గారు. దానికి తోడు జీడీఎఫ్-11 అనే ప్రోటీన్ దీనికి అచ్చం కవల లాంటిది, కొన్ని కిట్లు ఆ రెండిటినీ కలిపి కొలిచేశాయి.

అగ్రిన్ ముక్క అని ఒకటి చదివాను. అదేంటి?

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది ఇదే.

నరం చివర కండని తాకే చోట ఒక చిన్న జంక్షన్ ఉంటుంది. నరం నుంచి వచ్చే అగ్రిన్ అనే ప్రోటీన్ ఆ చోట కండ వైపు నరం కబురు అందుకునే గ్రాహకాల్ని ఒకచోట గుమిగూడి ఉండేలా పట్టి ఉంచుతుంది. న్యూరోట్రిప్సిన్ అనే ఎంజైమ్ అగ్రిన్‌ని కోస్తే దాని చివరి ముక్క రక్తంలోకి వస్తుంది. ఆ ముక్క పెరిగిందంటే జంక్షన్ సడలుతోందని అర్థం. వయసు వల్ల కండ తగ్గినవాళ్ళలో కొందరికి ఇది ఎక్కువగా ఉంటుంది. ఒక కాలు మీద 10 రోజులు బరువు మోపకుండా ఉంచిన కుర్రవాళ్ళ రక్తంలో కూడా ఇది పెరిగింది.

మొదట్లో బలం కండకంటే ఎక్కువ తగ్గుతుందని చెప్పాను కదా. కండ ఉన్నా దానికి కబురు సరిగా అందకపోతే బలం ఉండదు. మిగతా పరీక్షలు కండ ఎంత ఉందో వెతుకుతుంటే, ఇది కబురు మోసే చోటు ఎలా ఉందో చూస్తోంది. అందుకే దీని మీద నాకు నమ్మకం. అయితే ఈ ముక్కని కిడ్నీ వడకడుతుంది, కిడ్నీ జబ్బున్నవాళ్ళలో కండతో సంబంధం లేకుండా పెరిగిపోతుంది. ఇప్పటికైతే ఇది ఎక్కువగా పరిశోధనల్లో కొలిచేదే.

ఐరిసిన్, మైక్రోఆర్‌ఎన్‌ఏ, జీడీఎఫ్-15?

వ్యాయామం చేసినప్పుడు కండ విడుదల చేస్తుందని చెప్పే ఐరిసిన్ అనే హార్మోన్ గురించి 2012లో పెద్ద హడావుడి జరిగింది, తర్వాత దాన్ని కొలిచే కిట్లు సరిగా కొలుస్తున్నాయా అనే దాని మీదే గొడవ వచ్చింది. కండకి సంబంధించిన మైక్రోఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు), ముఖ్యంగా 1, 133, 206 అనే నంబర్లున్నవి, పరిశోధకులకి ఇష్టమైనవి, మీ రిపోర్టులోకి రావడానికి ఇంకా సమయం పడుతుంది. జీడీఎఫ్-15 శరీరం ఒత్తిడిలో ఉన్నప్పుడు పెరుగుతుంది, వయసుతో పెరుగుతుంది, క్యాన్సర్‌లో పెరుగుతుంది, షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వల్ల కూడా పెరుగుతుంది. ఇన్నిటికి పెరిగేదాన్ని చూసి కండ అని చెప్పలేం.

మూత్ర పరీక్షతో కుదురుతుందా?

కొంతవరకు. కండ ప్రోటీన్ విరిగినప్పుడు 3-మిథైల్‌హిస్టిడిన్ అనేది వస్తుంది, దాన్ని శరీరం మళ్ళీ వాడుకోలేదు కాబట్టి మూత్రంలో పోతుంది. మాంసం తింటే అదీ కలిసిపోతుంది, కాబట్టి కొన్ని రోజులు మాంసం మానేసి చేయించాలి. ఇది కూడా విరగడాన్నే చూస్తుంది, తయారీ తగ్గడాన్ని చూడలేదు.

ఇంకో తెలివైన పద్ధతి ఉంది. బరువైన హైడ్రోజన్ చేర్చిన క్రియాటిన్‌ని చిన్న మోతాదులో మింగిస్తారు, అది వెళ్ళి కండలో చేరుతుంది, కొన్ని రోజుల తర్వాత మూత్రం చూసి ఒంట్లో క్రియాటిన్ మొత్తం ఎంతో, దాన్ని బట్టి కండ ఎంతో లెక్కకడతారు. కండ, కొవ్వు ఎంతో కొలిచే డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్ నీటిని కూడా కండలో కలిపి లెక్కేస్తుంది, ఇది అలా కాదు. మామూలు ల్యాబుల్లో ఆశించకండి.

మంచం మీద ఉన్నప్పుడు రక్త పరీక్ష అంకెలే మారిపోతాయని విన్నాను, నిజమా?

నిజం. పడుకున్న మొదటి కొద్ది రోజుల్లో రక్తంలోని ప్లాస్మా సుమారు 10 శాతం, ఒక్కోసారి ఇంకాస్త తగ్గుతుంది. నీళ్ళు తగ్గితే పులుసు చిక్కబడినట్టు, ఏమీ కొత్తగా తయారవకపోయినా కొన్ని అంకెలు పెరిగినట్టు కనబడతాయి. మొదటి వారం రిపోర్టుని ఇంట్లో తిరిగే రోజుల రిపోర్టుతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సెలైన్ ఎక్కించినవాళ్ళలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది.

షుగర్ కూడా పెరుగుతుందా?

పెరగొచ్చు. భోజనం తర్వాత రక్తంలోని గ్లూకోజ్‌ని ఎక్కువగా తీసుకునేది కండే, అది కదలకపోతే ఇన్సులిన్ మాట సరిగా వినదు. ఒక్క వారం మంచం మీద ఉన్న ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళలోనే ఇన్సులిన్ పనితనం దాదాపు 30 శాతం పడిపోయింది. షుగర్ ఉన్నవాళ్ళు మంచం పట్టినప్పుడు తరచుగా చెక్ చేసుకోవాలి, తిండి మారకపోయినా.

రక్తం తీయకుండా ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా?

ఉంది, నా అభిప్రాయంలో పై పరీక్షలన్నిటికంటే ఇదే ముందు చేయాలి. ఆసియా దేశాల నిపుణులు 2019లో ఇచ్చిన కొలతలు ఇవి. పిక్క చుట్టుకొలత మగవాళ్ళలో 34 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 33 కంటే తక్కువుంటే అనుమానించాలి. చేతులు ఛాతీమీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే అనుమానించాలి. పిడికిలి పట్టు మగవాళ్ళలో 28 కిలోలు, ఆడవాళ్ళలో 18 కంటే తక్కువైనా అంతే, దానికి చిన్న పరికరం కావాలి, ఫిజియోథెరపిస్టుల దగ్గర ఉంటుంది.

కాళ్ళు నీరు పట్టి ఉబ్బితే పిక్క కొలత మోసం చేస్తుంది. ఎముక విరిగినవాళ్ళతో, కళ్ళు తిరిగేవాళ్ళతో కుర్చీ పరీక్ష డాక్టర్ ఒప్పుకున్నాకే చేయించండి, పక్కన ఒకరు నిలబడి ఉండాలి.

పోయిన కండ తిరిగి వస్తుందా?

చాలావరకు వస్తుంది, కానీ పోయినంత వేగంగా రాదు. రెండు వారాలు కాలు కట్టేసి, తర్వాత నాలుగు వారాలు బరువులతో వ్యాయామం చేయించినప్పుడు కుర్రవాళ్ళు మామూలు స్థితికి వచ్చారు, పెద్దవాళ్ళు పూర్తిగా రాలేకపోయారు. పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ కాలం, ఇంకా ఓపిక కావాలి. అందుకే పోకుండా ఆపుకోవడం మేలు: మంచంలో ఉండగానే తొడ బిగించి వదలడం, పాదం పైకి కిందికి ఆడించడం, డాక్టర్ ఒప్పుకున్న మొదటిరోజే లేచి కూర్చోవడం.

తిండి సంగతి: పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్, జబ్బుపడినప్పుడు 1.2 నుంచి 1.5 గ్రాములు అని నిపుణులు సూచిస్తారు. డయాలసిస్‌లో లేని తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ఇది వర్తించదు, డాక్టర్ చెప్పినంతే. కదలిక లేకుండా ప్రోటీన్ ఒక్కటే పెంచితే పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకో పైన గోడ ఉదాహరణ దగ్గర చూశారు.

సరే, రేపు ల్యాబ్‌కి వెళ్తే ఏం చేయించమంటారు?

క్రియాటినిన్, సిస్టాటిన్ సి, రెండూ ఒకే శాంపిల్ నుంచి. సీఆర్‌పీ, షుగర్. స్టెరాయిడ్, థైరాయిడ్ మందులు ఏవైనా వాడుతుంటే ల్యాబ్ కాగితం మీదే రాయించండి. అదే రోజు సాయంత్రం టేపుతో రెండు పిక్కలూ కొలిచి ఆ కాగితం వెనక తారీకుతో రాసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అదే ల్యాబ్‌లో అవే పరీక్షలు, అదే టేపుతో అవే కొలతలు. మా అమ్మ కాగితం వెనక ఎడమ పిక్క 29 నుంచి 31 కి రావడానికి నాలుగు నెలలు పట్టింది, అప్పటికి క్రియాటినిన్ కూడా 0.7 కి వచ్చింది. ఆ అంకె పెరిగినందుకు ఈసారి ఎవరం భయపడలేదు.